మునిగిన తోపు

చెరువెండి నేల నెరలు విచ్చిన వైశాఖంలో
నేనూ చెంగల్రాయుడూ ట్రాక్టరును
నేరుగా చెరువు కడుపులోకే దింపినాము.
తూముకు అవతల, మరవకు ఇవతల,
నీళ్లు అన్నిటికన్నా ఆఖరున ఇంకే గుంట కాడ
ఇంజను ఆపినాడు.
"ఇక్కడే. ఎండ ముదిరితే చేప ఇక్కడికే వస్తాది."

ట్రాలీ నిండా ద్రౌపదమ్మ తోపు.
ముప్ఫై ఏండ్ల తోతాపురి.
పోయినేడు ఫ్యాక్టరీ గేటు ముందర
మూడు రాత్రులు లోడు ఉడికి, రసం రోడ్డు మీదికి కారితే
ఇంటికొచ్చి రంపం మిషనోణ్ణి పిలిపించింది.
మొద్దులకు బేరమొచ్చింది, కొమ్మలకు రాలేదు.
మేము అడిగితే "చేపలకు ఇండ్లా?" అని నవ్వి
"తీసకపోండి, వాటికన్నా నీడ ఇయ్యనీ" అంది.

రంగు డబ్బాలు పదకొండు.
ఒక్కోదాంట్లో సిమెంటు, ఇసక, గులకరాళ్లు.
గట్టిపడేలోగా డ్రిప్పు పైపు ముక్కలు గుచ్చాల,
జడుసుకున్న పిల్లోడి జుట్టు మాదిరి అన్ని వైపులకీ.
చెంగల్రాయుడు పొద్దంతా కొలతలు చెప్తానే ఉన్నాడు:
సందు బిగువైతే పెద్ద చేప దూరదు,
వదులైతే పిల్లకు దిక్కుండదు,
ఒకచోట జానెడు, ఒకచోట నాలుగేళ్లు.
మూడంకణాల ఇంటికి అప్పు చేసి
ఇంకా వడ్డీ కడతా ఉండే మనిషి.
నేను మాట్లాడకుండా విన్నాను.

నడిమధ్యన నిలబెట్టినవి మా నాయన పైపులు.
నీళ్లు కిందికి జారేకొద్దీ ముక్కకు ముక్క కలిపి
తొమ్మిదొందల అడుగుల దాకా దించినాడు.
ఒకనాడు బోరు గాలి కక్కింది, అంతే.
పైకి లాగిన నల్ల పైపులు కొట్టం వెనక
పన్నెండేండ్లు చుట్టచుట్టుకోని పడుంటే
పాములుంటాయని అమ్మ అటుపక్క చిమ్మేది కాదు.
వాటిని మూరకొకటి కోసి, బెజ్జాలు పొడిచి,
కమ్మీతో బిగించి మంచెలాగా లేపినాము.
కొమ్మలకు రాళ్లు కట్టినాము, తేలిపోకుండా.

గుర్తు ఇదీ:
సెల్ టవరూ ఒంటిగుండూ ఒక గీత,
మరవ గోడా గంగిరెద్దులోళ్ల వేపచెట్టూ ఇంకో గీత.
రెండూ కోసుకునే చోటు ఎవరికీ చెప్పగూడదని
బీడీ మీద ఒట్టు పెట్టుకున్నాము.

కార్తీకంలో తుపాను పట్టింది.
అయిదు రోజులు. కట్ట తెగుతాదని ఊరంతా మేలుకోనుంటే
మేము ఇంకోదానికి మేలుకోనుండాము.
ఆఖరి కొమ్మ కొస మూడు రోజులు నిలబడింది,
దాని మీద ఒక నీటికాకి రెక్కలారేసుకుంటా.
నాలుగోనాడు అదీ లేదు.
నాయన నీళ్ల కోసం దించిన పైపుల్లోకి
నీళ్లే నడిచొచ్చినాయి.
కట్ట మీద కూచోని ఆ మాట ఆయనకు చెప్దామనుకున్నాను.
ఆయన లేడు కదా, చెంగల్రాయుడికి చెప్పినాను.
"ఊ" అన్నాడు.

మాఘంలో చెరువు పాడుకున్నోడు లాగుడు వల వేసినాడు.
నడిమికొచ్చినాక వల కదలదు.
ఎనిమిది మంది లాగితే బర్రుమని చిరిగి
ఒక మామిడి కొమ్మను ఈడ్చుకొచ్చింది,
పచ్చగా పాచి పట్టి, వేలెడేసి పిల్లలు రాలతా.
పంచాయితీలో మూడు వేలు తప్పేసినారు.
గుట్టూ పోయింది, దుడ్డూ పోయింది.
అయితే ఆ పొద్దునుంచీ
వలోడు ఆ గుంట చుట్టూ తిరిగిపోతాడు.

నా గాలాలు ఏడు అక్కడే తెగినాయి, మేమే కట్టిన ఇంట్లో.
ఎనిమిదోసారి బెండు రెండు వణుకులు వణికి
ఒక్కపెట్టున దిగిపోయింది.

కొరమీను. చేతికి ఆగదు.
ద్రౌపదమ్మ గంప కింద మూసి, వంగి చూసి అడిగింది:
"ఏ చెట్టు కింద దొరికిందిరా?"
తెలీదన్నాను.
"బాయి పక్కదాని కిందే. దాని కాయ
ఎప్పుడూ అన్నిటికన్నా ముందు పండేది."
కాసేపాగి, "కిలో ఎంతమ్ముతాది?"
నాలుగొందలన్నాను.
ఆమె ఏమీ అనలేదు.
చేపను తోమడానికి పొయ్యిలోంచి
చేటెడు బూడిద తీసింది.
అదీ మామిడిదే.